రౌతు మెత్తనైతే తప్పేంటి?

“ఆడింది గుర్రం, పతకం మనిషికా? ఏం చేశాడని, కూర్చున్నందుకా?” 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మన జట్టు డ్రెస్సాజ్ అనే స్వారీ పోటీలో బంగారు పతకం గెలిచినప్పటి నుంచి ఈ ప్రశ్న నన్ను వదలడం లేదు. అడిగేవాళ్లేమీ అమాయకులు కారు. ఎల్బీడబ్ల్యూ నిబంధన మీద గంటసేపు వాదించగల సమర్థులు. స్వారీలో మన దేశానికి అంతకుముందు బంగారం వచ్చింది 1982 ఢిల్లీ క్రీడల్లో. 41 ఏళ్ల తర్వాత అనుష్ అగర్వాల్లా, హృదయ్ ఛేడా, దివ్యకృతి సింగ్, సుదీప్తి హజేలా మళ్లీ తెస్తే, మెచ్చుకోవలసింది పోయి, గుర్రం కష్టాన్ని మనిషి కాజేశాడని జోకులేసుకున్నారు.

ఇంకొందరికి గుర్రాల పోటీ అనగానే మలక్‌పేట రేసులే గుర్తొస్తాయి. “ఎంత కాశారు?” అని అడుగుతారు. నేను చెప్పబోయే పోటీల్లో కాయడానికి ఏమీ ఉండదు. ముఖ్యమైనవాటిలో గుర్రాలు పక్కపక్కన పరిగెత్తవు. ఒక్కొక్కటే బరిలోకి వస్తుంది, తన పని చూపించి వెళ్తుంది.

మూడో రకం వాళ్లకు సినిమాయే గురువు. పాత జానపద చిత్రాల్లో రాజకుమారుడు గుర్రమెక్కి, మడమలతో డొక్కలో రెండు తగిలించి, కళ్లెం ఒక్క గుంజు గుంజితే చాలు, దుమ్ము రేపుకుంటూ పోయేది. దీనికి తోడు మనకో సామెత: రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ల మీద నడుస్తుందని. ఆఫీసుల్లో పైవాళ్లు కిందివాళ్ల మీద వాడుకోవడానికి పనికొస్తుంది కాబట్టి అది ఇంకా బతికుంది గానీ, గుర్రాల సంగతిలో దానంత తప్పు మాట లేదు. రౌతు కొద్దీ గుర్రం అన్న సామెత కూడా మన దగ్గరే ఉంది. నా ఓటు దానికి.

ఎందుకో చెప్పడానికి ఒలింపిక్స్ దాకా పోనక్కర్లేదు. బ్రిటన్‌లో పల్లెటూరి రైడింగ్ క్లబ్బు పోటీలు చాలు. అక్కడ స్థిరపడ్డ మనవాళ్ల పిల్లలు కొందరు వాటిలో పాల్గొంటున్నారు. వాళ్ల తాతయ్యలూ అమ్మమ్మలే నన్ను ఎక్కువగా అడుగుతుంటారు, పిల్ల పంపిన ఫొటోలో ఏం జరుగుతోందని. ఆ క్లబ్బుల వాళ్లే గుంపుగా సెలవులకు ఐస్‌లాండ్ లాంటి చోట్లకు స్వారీకి పోతుంటారు. అదేం సరదా అన్నది ఇంకో ప్రశ్న. రెంటికీ జవాబు ఒకటే.

కారులో కూర్చున్న జడ్జి

వేసవి ఆదివారం, ఊరి బయట ఒక గడ్డి మైదానం. కార్ల వెనక ట్రైలర్లలో గుర్రాలు దిగుతాయి. ఒక గుర్రం తోకకు ఎర్ర రిబ్బను కట్టి ఉంటే అది తన్నే రకం, వెనక్కి వెళ్లొద్దని అర్థం. ఆకుపచ్చ రిబ్బను ఉంటే పిల్ల గుర్రం, ఇంకా లోకం తెలియదని. ఒక బరిలో చిన్నపిల్లలు పోనీల మీద చెంచాలో గుడ్డు పెట్టుకుని పోతుంటారు. ఇంకో బరిలో గుర్రాన్నీ జీనునూ ఎవరు శుభ్రంగా తీర్చిదిద్దుకొచ్చారో చూస్తారు. “జడ్జికి ఇంటికి తీసుకెళ్లాలనిపించే గుర్రం” అని కూడా ఒక పోటీ పెడతారు, నిజంగానే. పిల్లల కోసం పోనీ క్లబ్ 1929లో మొదలైంది. పోనీల మీద ఆటల పోటీలకు ప్రిన్స్ ఫిలిప్ కప్ 1957 నుంచి ఉంది.

గెలిచినవాళ్లకు రోజెట్ అనే రిబ్బను పువ్వు ఇస్తారు. బ్రిటన్‌లో ఎరుపు మొదటిది, నీలం రెండోది. అమెరికాలో నీలం మొదటిది, ఎరుపు రెండోది. లండన్ మనవరాలూ న్యూజెర్సీ మనవడూ చెరొక ఎర్ర రోజెట్ ఫొటో పంపితే ఇద్దరినీ ఒకేలా పొగడకండి, పేచీలొస్తాయి.

అసలు సంగతి డ్రెస్సాజ్ బరిలో ఉంది. 20 మీటర్ల వెడల్పు, 40 మీటర్ల పొడవు. చుట్టూ ఎ, కె, ఇ, హెచ్, సి, ఎమ్, బి, ఎఫ్ అని అక్షరాల పలకలు. ఈ వరస ఎందుకు వచ్చిందో అందరికీ ఒక కథ తెలుసు, ఒక్కటీ రుజువు కాలేదు. నడిమధ్య ఎక్స్ అనే చోటుంది, దానికి పలక ఉండదు. సి దగ్గర జడ్జి. చిన్న పోటీల్లో చాలాసార్లు తన కారులోనే కూర్చుంటుంది, పక్కన చెప్పింది రాసుకునే మనిషి. హారన్ మోగితే రౌతు ఎ దగ్గర లోపలికి వచ్చి, నిర్ణయించిన కదలికలు వరసగా చేసి చూపించాలి. ఇక్కడ ట్రాట్ అనే జోరు నడక, అక్కడ 20 మీటర్ల వృత్తం, ఆ మూల నుంచి కాంటర్ అనే మెల్లని దౌడు, చివర ఆగి వందనం. అయిదారు నిమిషాల్లో అయిపోతుంది.

ప్రతి కదలికకూ 10కి మార్కులు. 10 అంటే అద్భుతం, 5 అంటే గట్టెక్కింది, 0 అంటే అసలు చేయనే లేదు. అన్నీ కలిపి శాతం. ఊళ్లో పోటీలో 65 వస్తే ఈల వేసుకుంటూ ఇంటికి పోతారు. హాంగ్‌జౌలో అనుష్‌కు వ్యక్తిగత కాంస్యం తెచ్చింది 73.030 శాతం.

పోటీ అయ్యాక ఆ కాగితం రౌతుకు ఇచ్చేస్తారు. మార్కుల పక్కన ఒక్కో ముక్క రాసి ఉంటుంది: “వృత్తం గుండ్రంగా లేదు”, “తొందరపడింది”, “నోరు తెరిచింది”, “తల ఎత్తేసింది”, “మలుపులో ఒరిగింది”. చదివితే గుర్రానికి పెట్టిన వంకల్లా ఉంటాయి. ఒక్కటీ గుర్రానికి కాదు. తొందరపడిందంటే పైన ఉన్నది కుదురుగా లేదని. నోరు తెరిచిందంటే చేతులు లాగుతున్నాయని. ఒరిగిందంటే మొదట ఒరిగింది రౌతు.

ఉప్పుమూట

ఇది అర్థం కావాలంటే ఉప్పుమూట గుర్తుచేసుకోండి. మీరు ఎక్కిన ఉప్పుమూట కాదు, మోసింది.

వీపు మీది పిల్లాడు కుదురుగా అంటిపెట్టుకుని ఉంటే వీధి చివరిదాకా సునాయాసంగా మోస్తాం. వాడు కోతి కోసమో కుక్క కోసమో ఎడమకు తొంగి చూశాడనుకోండి, మన కాలు మనకు తెలియకుండానే ఎడమకు పడుతుంది. మనం వాడి మాట విన్నామని కాదు. బరువు ఎటు పోతే కాలు అటు పోకపోతే ఇద్దరం బోర్లాపడతాం. గుర్రాన్ని తిప్పడంలో సగం రహస్యం ఇదే. నేర్చినవాడు కళ్లెం లాగకముందే తను పోవలసిన వైపు చూస్తాడు. చూస్తే నడుం కొంచెం తిరుగుతుంది, నడుం తిరిగితే బరువు మారుతుంది, బరువు మారితే గుర్రం కాలు అక్కడికి వస్తుంది. గట్టు మీద నుంచి చూసేవాడికి రౌతు ఏమీ చేయనట్టే ఉంటుంది.

ఇప్పుడు పిల్లాడు ముందుకు వాలి మన తల మీదుగా తొంగి చూస్తే? మునివేళ్ల మీదికి వచ్చేస్తాం, రాయి తగిలితే ముక్కు పగులుతుంది. ఊరికే నిలబడ్డ గుర్రానికి కూడా బరువులో దాదాపు 60 శాతం ముందుకాళ్ల మీదే ఉంటుంది. మెడా తలా అటువైపే కదా. 500 కిలోల గుర్రం మీద 65 కిలోల మనిషి భయంతో ముందుకు వంగితే ఆ అదనం కూడా అక్కడికే పోతుంది. అప్పుడు గుర్రం తడబడుతుంది, మనం “ఇది మొండిది” అంటాం.

పిల్లాడు ఎగిరెగిరి పడితే? ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే స్వారీ నేర్చుకునేవాళ్లు ఏడ్చేది ఇక్కడే. మామూలు నడకలో గుర్రం నాలుగు కాళ్లూ ఒకటి తర్వాత ఒకటి పడతాయి, నాలుగు దెబ్బలు. ట్రాట్‌లో ఎడమ ముందుకాలూ కుడి వెనకకాలూ జతగా లేచి జతగా పడతాయి, తర్వాత రెండో జత. రెండు దెబ్బలు, మధ్యలో క్షణకాలం నాలుగూ గాల్లో. అంటే ప్రతి అడుగుకూ గుర్రం వీపు మనల్ని పైకి విసురుతుంది. మనం కిందికి వచ్చేసరికి వీపు మళ్లీ పైకి వస్తుంటుంది. దబ్బుమని తగులుతాం. మనకు నొప్పి, దానికి ఇంకా నొప్పి. దీనికి విరుగుడు ఒక దెబ్బకు లేవడం, మరో దెబ్బకు కూర్చోవడం. విసిరినప్పుడు విసిరిన మేరకే లేచి, మెల్లగా దిగడం. వృత్తం తిరిగేటప్పుడు గుర్రం బయటి భుజం ముందుకు పోతుంటే లేవాలి, వెనక్కి వస్తుంటే కూర్చోవాలి. దిశ మారితే ఒక దెబ్బ అదనంగా కూర్చుని జత మార్చుకోవాలి. లేకపోతే మన బరువు ఎప్పుడూ ఒకే జత మీద దిగుతుంటుంది, గుర్రం ఒకవైపే అలిసిపోతుంది. జడ్జి కారులోంచి ఈ జత మార్చడం కనిపెడుతుంది. గట్టు మీది నాయనమ్మకు అది కనపడదు, “మా పిల్ల ఊరికే లేచి కూర్చుంటోంది” అనుకుంటుంది.

ఇక పిల్లాడు భయపడి మన మెడ వాటేసుకుంటే? ఊపిరాడదు. గుర్రానికి ఆ మెడ నోట్లో ఉంది. ముందుపళ్లకూ దవడపళ్లకూ మధ్య గుర్రానికి పళ్లు లేని ఖాళీ ఉంటుంది. కళ్లెపు ఇనుము అక్కడ ఆనుతుంది. అక్కడ ఎముక మీద పలచని చర్మమే ఉంటుంది. పడిపోకుండా ఉండడానికి కళ్లెం తాళ్లను ఆసరాగా పట్టుకున్నవాడు, తన 65 కిలోల కుదుపులన్నీ ఆ చర్మం మీద వేస్తున్నాడు. నోరు తెరవక ఏం చేస్తుంది?

ఈ పోలికను ఇంకొంచెం లాగుతాను. ఉప్పుమూట మీది పిల్లాడికి మాటలు రావనుకోండి. పరిగెత్తమని కాళ్లతో డొక్కలు నొక్కుతాడు. మీరు పరిగెత్తగానే నొక్కడం మానేస్తే, ఓహో, నొక్కితే పరిగెత్తాలన్న మాట అని తెలుసుకుంటారు. మీరు పరిగెడుతున్నా ఇంకా తన్నుతూనే ఉంటే? పరిగెత్తినా తన్నులే, నిలబడినా తన్నులే. అలాంటప్పుడు నిలబడడమే నయం. గుర్రం నేర్చుకునేది నొక్కడం వల్ల కాదు, వదలడం వల్ల. అడగడం ఎవరికైనా చేతనవుతుంది, సరిగ్గా ఏ క్షణాన ఊరుకోవాలో తెలియడమే విద్య. స్వారీ బళ్లలో “మొండిగుర్రాలు” అనిపించుకునేవి ఎక్కువగా ఎన్నడూ ఊరుకోని కాళ్ల కింద పెరిగినవే. అందుకే అన్నాను, రౌతు మెత్తనైతే తప్పేంటని. మెత్తన అంటే చేతకాని మెత్తన కాదు, అడిగి, అందగానే వదిలేసే మెత్తన.

ఉప్పుమూటకూ గుర్రానికీ ఒకటే తేడా. మనకు విసుగొస్తే “దిగరా” అని చెప్పి దింపుతాం. గుర్రమూ దింపుతుంది, కాకపోతే చెప్పదు.

లెక్కలు చేసిన గుర్రం

అంత చిన్న కదలిక అంత పెద్ద జంతువుకు తెలుస్తుందా అని సందేహం రావచ్చు. ఒంటి మీద ఈగ వాలితే ఆ ఒక్క చోటే చర్మం వణికించి తోలేస్తుంది గుర్రం. ఇంకా గట్టి సాక్ష్యం కావాలంటే బెర్లిన్ పోదాం.

1904 ప్రాంతంలో అక్కడ విల్‌హెల్మ్ ఫాన్ ఓస్టెన్ అనే రిటైరైన లెక్కల మాస్టారి దగ్గర హాన్స్ అనే గుర్రం ఉండేది. కూడికలు, తీసివేతలు, తేదీలు ఏమడిగినా జవాబు ఎంతో అన్నిసార్లు డెక్కతో నేలను తట్టేది. పండితుల కమిటీ వేశారు. మోసం లేదని తేల్చారు. మన దగ్గరైతే ఈపాటికి దానికి గుడి కట్టి హుండీ పెట్టేవాళ్లు. ఓస్కార్ ఫుంగ్‌స్ట్ అనే మనస్తత్వ పరిశోధకుడు ఇంకో పని చేశాడు. జవాబు తెలియని మనిషి చేత ప్రశ్న అడిగించాడు. హాన్స్ తడబడింది. అడిగిన మనిషి కనపడకుండా కళ్లకు అడ్డం కట్టాడు. మళ్లీ తడబడింది. సంగతేమిటంటే, ప్రశ్న అడిగినవాడు డెక్క వంక చూడ్డానికి తల కాస్త వంచుతాడు, సరైన అంకె రాగానే తెలియకుండానే తల వెంట్రుకవాసి పైకెత్తుతాడు. హాన్స్ ఆ వెంట్రుకవాసిని చూసి ఆగేది. గుర్రానికి లెక్కలు రావు, మనుషులొచ్చు. 1907లో ఫుంగ్‌స్ట్ దీన్ని తేల్చినా మాస్టారు ఒప్పుకోలేదు. తన శిష్యుడికి లెక్కలొచ్చనే నమ్మి పోయాడు.

నాకు ఈ కథలో నచ్చేది మోసం బయటపడడం కాదు. తల వెంట్రుకవాసి కదిలితే పట్టేసే జంతువును, డొక్కలో తన్నితే తప్ప వినదని మనం అనుకుంటున్నామే, అదీ వింత. డ్రెస్సాజ్ అంటే హాన్స్ చేసిన పనినే దాచకుండా, ఒప్పుకుని, మార్కులేసి చూడడం.

మిగతా పోటీల సంగతి త్వరగా చెప్పేస్తాను. అడ్డంకులు దూకే పోటీలో కొయ్యలు లోతులేని చిన్న కప్పుల మీద పెట్టి ఉంటాయి, డెక్క తగిలితే పడతాయి. ఒక కొయ్య పడితే 4 తప్పులు, మొదటిసారి దూకనని ఆగిపోతే 4, రౌతు పడితే ఇంటికే. ఒలింపిక్స్‌లో 1.65 మీటర్ల దాకా ఉండే అడ్డంకులు ఊళ్లో పోటీల్లో 50, 60 సెంటీమీటర్ల దగ్గర మొదలవుతాయి. అడ్డంకి రంగు కూడా ముఖ్యం. గుర్రానికి నీలం, పసుపు బాగా తెలుస్తాయి, ఎరుపు, నారింజ మసకే. ఎక్సెటర్ విశ్వవిద్యాలయం పరిశోధన తర్వాత బ్రిటన్ రేసుల్లో అడ్డంకుల మీది నారింజ రంగును తీసి తెలుపు వేశారు. అన్నట్టు, మొదటి బహుమతి ఎర్ర రోజెట్ ఎంత ఎర్రగా ఉందో గెలిచిన గుర్రానికి తెలియదు.

రౌతు బలం ఎంత అన్నది లెక్కలోకి రాదు కాబట్టే ఈ ఆటలో ఆడా మగా కలిసి పోటీపడతారు. 1952 దాకా ఒలింపిక్ డ్రెస్సాజ్ సైనికాధికారుల సొత్తు. ఆ ఏడాది హెల్సింకీలో మొదటిసారి తలుపులు తెరిస్తే, డెన్మార్క్ నుంచి లిస్ హార్టెల్ వచ్చింది. పోలియో వల్ల ఆమెకు మోకాళ్ల కింద చలనం లేదు. మనుషులు ఎత్తి గుర్రం మీద కూర్చోబెట్టాలి. డొక్కలో తన్నడానికి కాళ్లే లేనట్టు లెక్క. జూబిలీ అనే గుర్రం మీద వెండి పతకం గెలిచింది. 1956లో మళ్లీ వెండే. తన్నితేనే గుర్రం కదులుతుందనేవాళ్లు ఈ ఒక్క మనిషికి జవాబు చెప్పాలి.

తోకకు డబ్బు

గుర్రం విషయంలో మనం చూడవలసింది తప్ప అన్నీ చూస్తాం. గడప మీద నాడా కొడతాం. నల్లగుర్రం నాడాతో చేసిన ఉంగరం శనికి విరుగుడని వేలికి పెట్టుకుంటాం. ఆ గుర్రం నాడా ఎందుకు ఊడిందో, డెక్క ఎలా ఉందో ఎవరూ అడగరు. మార్వాడీ గుర్రాల బేరాల్లో సుడి ఎక్కడుందో చూసి శుభాశుభాలు చెప్పేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. సుడి చూసే కంటితో దాని వీపు కండ, కాలి కీళ్లు చూస్తే బాగుపడతారు. మన పాతవాళ్లను మొత్తంగా తీసిపారెయ్యను. మనుమంచి భట్టు తెలుగులో గుర్రాల మీద హయలక్షణసారమనే పద్యకావ్యమే రాశాడు. గుర్రానికి అయిదు గతులున్నాయని అమరకోశం పేర్లతో సహా చెప్పింది. ఆ అయిదు ఎందుకు ఎత్తానో ఐస్‌లాండ్ వచ్చాక తెలుస్తుంది.

అంత రాసినా మన నేల గుర్రాల నేల కాదు. విజయనగర సామ్రాజ్యం గుర్రాలు చాలావరకు సముద్రం మీద వచ్చినవే. చంద్రగిరి నుంచి ఎదిగిన సాళువ నరసింహుడు ఓర్ముజ్, ఏడెన్‌ల నుంచి గుర్రాలు తెప్పించేవాడట. బతికున్నా చచ్చినా మూడింటికి వెయ్యి పర్దావులనే నాణేలు. దారిలో చచ్చినదాని తోక తెచ్చి చూపిస్తే చాలు, బతికున్నట్టే డబ్బిచ్చేవాడని పోర్చుగీసు గుర్రాల వర్తకుడు నూనిజ్ రాశాడు. ఎన్ని తోకలు నిజంగా సముద్రంలో చచ్చినవాటివో ఆ వర్తకులకే ఎరుక.

ఓడలో గుర్రం చావడం అప్పటి భయం. గుర్రం వెంట రోగం రావడం ఇప్పటి భయం. 1956 ఒలింపిక్స్ మెల్‌బోర్న్‌లో జరిగితే స్వారీ పోటీలు మాత్రం స్టాక్‌హోమ్‌లో జరిగాయి, ఆస్ట్రేలియా క్వారంటీన్ నిబంధనల వల్ల. ఈ భయాన్ని అందరికంటే గట్టిగా పట్టుకున్న దేశం ఐస్‌లాండ్.

గుంపుతో ఐస్‌లాండ్

స్వారీ సెలవులకు అక్కడికి పోయేవాళ్లకు ముందుగా వచ్చే ఉత్తరంలో దారి గురించి కాక ఉతుకుడు గురించి ఉంటుంది. ఇంకో దేశంలో వాడిన జీను, కళ్లెం, తోలు చేతితొడుగులు తేకూడదు. వాడిన బట్టలు ఉతికి, బూట్లు క్రిమినాశకంతో తుడిచి ఆరబెట్టి తేవాలి. చాదస్తం కాదు. అక్కడి గుర్రాలు వెయ్యేళ్ల కిందట వలస వచ్చినవాళ్ల ఓడల్లో దిగాయి. ఇప్పుడు బయటి గుర్రాన్ని లోపలికి రానివ్వరు. బయటి రోగాలకు తట్టుకునే శక్తి వాటికి లేదు. 2010లో దగ్గు ఒకటి దేశమంతా పాకితే వాళ్ల జాతీయ గుర్రాల పండుగ లాండ్స్‌మోత్ ఆ ఏడు ఆగిపోయింది. అక్కడి గుర్రం ఒకసారి దేశం దాటితే తిరిగి రావడానికి లేదు. ప్రపంచ పోటీలకు వెళ్లిన గుర్రాన్ని రౌతు అక్కడే వదిలి ఒంటరిగా విమానమెక్కుతాడు. తోక కూడా రాదు.

ఆ గుర్రం పొట్టిది, ఎక్కువగా 140 సెంటీమీటర్లకు అటూఇటూ. పోనీ అన్నారంటే ఐస్‌లాండ్ వాళ్లకు కోపం. దానికీ అయిదు గతులు: నడక, ట్రాట్, కాంటర్‌తో పాటు తోల్ట్, ఫ్లయింగ్ పేస్. తోల్ట్ చూడడానికి జనం పోతారు. నడకలో పడ్డట్టే నాలుగు కాళ్లూ విడివిడిగా పడతాయి, కానీ వేగం పెంచుకుంటూ దౌడు దాకా పోవచ్చు. ఏ క్షణంలోనూ నాలుగూ గాల్లో ఉండవు, కాబట్టి వీపు విసరదు. ఉప్పుమూట కుదపదు. నిండు బీరు గ్లాసు ఒక చేత్తో పట్టుకుని తోల్ట్‌లో పోయి, ఎవరిది తక్కువ ఒలికితే వాళ్లు గెలిచే పోటీలున్నాయి అక్కడ. తోల్ట్‌కు కారణమైన జన్యువును స్వీడన్ పరిశోధకులు 2012లో పట్టుకున్నారు, డీఎంఆర్‌టీ3 అని. అందులో ఒక్క అక్షరం మారితే కాళ్ల కదలికను నడిపే వెన్నుపాము నరాల అమరిక మారుతుంది. ఆ మార్పు 9వ శతాబ్దపు ఇంగ్లండ్ గుర్రాల ఎముకల్లో కూడా దొరికింది. తోల్ట్ అక్కడి నుంచే ఐస్‌లాండ్‌కు ఓడెక్కిందని అంచనా.

సెలవు ఎలా గడుస్తుందంటే: లాంగ్‌యోకుల్, హోఫ్స్‌యోకుల్ అనే రెండు హిమానీనదాల మధ్య నుంచి ఉత్తరానికీ దక్షిణానికీ క్యోలూర్ అనే పాత దారి ఉంది. ఒక పదిమంది రౌతులు, వాళ్లకు రెండు మూడింతల గుర్రాలు. ఎక్కనివి జీను లేకుండా మందగా పరిగెడుతూ వస్తాయి. ముందు ఒక దారి చూపేవాడు, వెనక ఒకడు. రోజులో రెండు మూడుసార్లు ఆగి గుర్రం మార్చుకుంటారు, ఒక్కదాని మీదే బరువు పడకుండా. కొండల్లో దొడ్డి ఎక్కడుంటుంది? రౌతులే గుండ్రంగా నిలబడి నడుం ఎత్తులో ఒక తాడు పట్టుకుంటారు. పదుల గుర్రాలు ఆ తాడు లోపల నిలబడతాయి. ఒక్క తోపు తోస్తే తెగిపోయే దొడ్డి అది. తొయ్యవు. ఒకడు మాట్లాడుతూ తాడు కిందికి జార్చాడో, ఆ సందు మందకు తెలిసినంత తొందరగా మనకు తెలియదు.

ఇక్కడ ఊరి పోటీలో వచ్చిన మార్కులు అక్కరకొస్తాయి. గుర్రం మంద జంతువు. ఒకటి ఉరికితే వెనకవి కారణం అడగవు. కాబట్టి గుంపులో ఒక్కడు భయపడి కళ్లెం పీకితే ఆ భయం పదిమందికి చేరుతుంది. అందుకే దారి చూపేవాణ్ని దాటకూడదు, ముందు గుర్రానికి ఒక గుర్రం దూరం ఉంచాలి, అందరిలో వెనకబడ్డవాడి వేగమే అందరి వేగం. బయల్దేరే ముందు సంస్థలు ఒక ఫారం పంపుతాయి: బరువెంత, కాంటర్ వచ్చా, రోజుకు అయిదారు గంటలు జీను మీద ఉండగలరా అని. మనుషులు పెళ్లిచూపుల్లో కంటే ఎక్కువ అబద్ధాలు ఈ ఫారంలో రాస్తారు. బరువు పది కిలోలు తగ్గించి రాస్తే మోసేది గుర్రం. రాని కాంటర్ వచ్చని రాస్తే ఆగేది పదిమంది సెలవు.

మీ పిల్లకో మీకో ఇది నేర్చుకోవాలనుంటే, హైదరాబాద్‌లోనైనా బర్మింగ్‌హామ్‌లోనైనా బడిని ఎంచుకునేటప్పుడు ఎన్ని రోజుల్లో పరిగెత్తిస్తారని అడగొద్దు. వియన్నాలో స్పానిష్ రైడింగ్ స్కూల్లో చేరినవాళ్లను నెలల తరబడి పొడుగు తాడు చివర గుండ్రంగా తిరిగే గుర్రం మీద కూర్చోబెడతారు. రికాబులుండవు, కళ్లెం చేతికివ్వరు. పైన కుదురుగా కూర్చోవడం వచ్చాకే గుర్రం నోటి దాకా చెయ్యి పోనిస్తారు. మొదటి కొన్ని పాఠాలకు కళ్లెం చేతికివ్వని గురువు మీ ఊళ్లో దొరికితే, డబ్బు కట్టి ఇదేం చోద్యమని గొణక్కండి. ఆయన అడిగిన ఫీజు ఇచ్చి, పిల్లను అక్కడే ఉంచండి.